తలుపు ఇవతల నిలబడి చూసిన పెళ్ళి

మొదటి రోజు

ఆరేళ్ళుగా ఆ అమ్మాయి నన్ను "జె జె" అని పిలుస్తోంది. కాంటనీస్‌లో అక్క అని అర్థం. మా ధర్మవరం వైపు జేజి అంటే నాయనమ్మ. ఈ సంగతి చెప్పిన రోజు వీచాట్ (చైనా వాళ్ళ మెసేజ్ యాప్) నిండా నవ్వే బొమ్మలు పంపింది. నేను హైదరాబాద్‌లో మిక్సీలు, ఫ్యాన్లు చేసే ఒక కంపెనీలో పర్చేజ్ చూస్తాను. తను చైనాలోని షున్‌దేలో మోటార్లు అమ్ముతుంది. రేటు దగ్గర రోజూ కొట్లాడుకుంటూనే స్నేహితులమైపోయాం. తన పెళ్ళికి రమ్మంటే మొహమాటానికి అంటోంది అనుకున్నాను. మూడోసారి అడిగాక టికెట్ కొన్నాను.

రాత్రి విమానం హాంకాంగ్‌లో దిగేసరికి తెల్లారింది. వెస్ట్ కౌలూన్ స్టేషన్‌లో హాంకాంగ్ నుంచి బయటపడే తనిఖీ, చైనాలోకి అడుగుపెట్టే తనిఖీ ఒకే భవనంలో అయిపోతాయి. రైలెక్కితే గంటకల్లా గ్వాంగ్‌జౌ సౌత్. అక్కడి నుంచి కారులో జున్‌ఆన్. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఫోషాన్ నగరం కింద షున్‌దే జిల్లా, అందులో ఒక చిన్న పట్నం ఇది. బ్రూస్ లీ పూర్వీకుల ఊరు ఇక్కడే ఉంది. డ్రైవర్ నాకు ఇంగ్లీషులో చెప్పగలిగిన ఒకే ఒక్క విషయం అదే, మూడుసార్లు చెప్పాడు.

ఇంటి ముందు చెప్పులు విప్పుతుండగానే పెళ్ళికూతురు వాళ్ళమ్మ అడిగింది, ఏ సంవత్సరంలో పుట్టావని. మాటల వారధి పెళ్ళికూతురి చిన్నాన్న కూతురు. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల, స్కూల్లో ఇంగ్లీష్ టీచర్. 1984 అన్నాను. ఆవిడ ముఖం మారింది. గోడకు వేలాడుతున్న లావుపాటి ఎర్ర పుస్తకం తీసి వేలితో వెతికింది. అది వాళ్ళ పంచాంగం, పేరు తుంగ్ షింగ్. అసలు పేరు తుంగ్ ష్యూ. కానీ "ష్యూ" అనే శబ్దానికి పుస్తకం అనే కాక ఓటమి అనే అర్థం కూడా వస్తుందని, గెలుపు అని అర్థమొచ్చే "షింగ్" తగిలించుకున్నారు. ఈ పెళ్ళిలో సగం తంతులకు మూలం ఇలాంటి శబ్దాలేనని తర్వాత అర్థమైంది.

విషయమేమిటంటే వాళ్ళ పంచాంగంలో సంవత్సరాలకూ రోజులకూ జంతువుల పేర్లుంటాయి. 1984 ఎలుక సంవత్సరం. పెళ్ళి పెట్టుకున్నది గుర్రం రోజున. గుర్రానికీ ఎలుకకూ పడదు. అందుకని తల దువ్వే తంతు, అమ్మాయి గడప దాటే ఘట్టం, ఈ రెండూ నేను ఎదురుగా నిలబడి చూడకూడదు. ఆవిడ చాలా బాధపడుతూ చెప్పింది. నేనేమీ అనుకోలేదు. తారాబలం కుదరలేదని మా ఇంట్లో ముహూర్తాలు మార్చుకోవడం చూస్తూ పెరిగినదాన్ని.

హాల్లో ఒక మూల అబ్బాయి వైపు నుంచి వచ్చిన సారె ఇంకా అలాగే ఉంది. ఎర్ర డబ్బాల్లో పెళ్ళి కేకులు, ఎండు పుట్టగొడుగులు, ఎండబెట్టిన సముద్రపు సరుకు, టీ ఆకు, నువ్వులు. మధ్యలో రెండు కొబ్బరికాయలు, ఒక పొట్లంలో వక్కలు! నాకు ప్రాణం లేచొచ్చింది. కొబ్బరికాయను వాళ్ళు "యే-జీ" అంటారు. ఆ శబ్దంలోనే "తాత ఉన్నాడు, కొడుకు ఉన్నాడు" అని వినిపిస్తుందట. వక్క ఎందుకని అడిగితే, మర్యాద, ముందు నుంచీ ఉంది అన్నారు. మా నాయనమ్మను అడిగినా అదే చెప్పేది.

అన్నట్టు, చట్టం ప్రకారం వీళ్ళ పెళ్ళి ఎప్పుడో అయిపోయింది. మే 20న రిజిస్టర్ చేసుకున్నారు. 520 అనే అంకెలు చైనీస్‌లో "నిన్ను ప్రేమిస్తున్నాను" అన్నట్టు వినిపిస్తాయి కాబట్టి ఆ రోజు రిజిస్ట్రేషన్ ఆఫీసుల దగ్గర పెద్ద క్యూలు ఉంటాయి. పెళ్ళి సర్టిఫికెట్ల ఎర్ర పుస్తకాలు చేతికొచ్చినా ఏడు నెలలుగా ఎవరింట్లో వాళ్ళే ఉన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళ లెక్కలో ఇంకా పెళ్ళి కాలేదు మరి.

రెండో రోజు

పొద్దున్నే ఇంటి వెనక చెరువు గట్టున నడిచాను. ఒకప్పుడు ఈ గట్ల మీదంతా మల్బరీ. ఆకు పురుగులకు, పురుగుల చెత్త చేపలకు, చెరువు అడుగున చేరిన బురద మళ్ళీ మల్బరీ మొదళ్ళకు. వందల ఏళ్ళు ఈ చక్రం తిరిగిన ప్రాంతం ఇది. ఇప్పుడు మల్బరీ లేదు, చెరువులు మిగిలాయి, వాటి పక్కన ఫ్యాక్టరీలు. మా వైపు హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్ దగ్గర వచ్చే వాసన ఇక్కడా వస్తుందేమోనని గాలి పీల్చి చూశాను. చేపల మేత వాసన తప్ప ఏమీ లేదు.

మధ్యాహ్నం అమ్మాయి తరఫు విందు. ఊళ్ళో వాళ్ళ వంశం వాళ్ళకు ఉమ్మడిగా ఒక పెద్దల గుడి ఉంది. పూర్వీకుల పేర్ల పలకలుండే ఆ మండపం ముందు వాకిట్లోనే వంట. జున్‌ఆన్ పేరు చెబితే షున్‌దేలో ఎవరైనా ముందు తలచుకునేది ఆవిరి పంది. ఎముకలు తీసిన పందిని మొత్తంగా విప్పదీసి, ఉప్పు, మసాలా పట్టించి, మనిషి పడుకోగలిగినంత చెక్కపెట్టెలో పెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. మధ్యలో మూత తీసి, చొక్కా లేని ఒకాయన ఇనుప సూదులతో ఒళ్ళంతా పొడిచాడు. కొవ్వు కారిపోవడానికట. తర్వాత చన్నీళ్ళు గుమ్మరించి, మళ్ళీ మూత పెట్టి, చివర్లో నువ్వులు చల్లాడు. నేను చికెన్ దాకానే కాబట్టి చూడటంతో ఆగిపోయాను. షున్‌దేకు 2014లో యునెస్కో వంటల నగరం అనే గుర్తింపు వచ్చింది. అలాంటి చోటికి వచ్చి తినకుండా నిలబడినందుకు ఆయన నన్ను జాలిగా చూశాడు.

ఇక్కడే నా పరువు పోయినంత పనైంది. ఎర్ర కవరులో 516 యువాన్లు పెట్టుకుని వచ్చాను. మన లెక్కలో ఆరు వేల పైమాటే. మండపం మెట్ల దగ్గర రెండు చేతులతో అమ్మగారికి అందించాను. ఆవిడ నవ్వుతూ తీసుకుని, కవరు మూల ఒకటి మడిచి, తిరిగి నా చేతిలోనే పెట్టేసింది.

నాకు చెవులు వేడెక్కాయి. తక్కువైందా? పదహారు అంకె మంచిది కాదా? మన దగ్గర చదివింపుల కవరు ఎవరైనా వెనక్కిచ్చారంటే తరతరాలు చెప్పుకునే గొడవ. టెన్షన్‌తో పక్కకెళ్ళి టీచరమ్మాయిని అడిగితే పడీపడీ నవ్వింది. గ్వాంగ్‌డాంగ్‌లో చాలాచోట్ల ఇంతేనట. మూల మడిచారంటే దీవెన తీసుకున్నాం, డబ్బు నువ్వే ఉంచుకో అని. చుట్టూ చూద్దును కదా, వచ్చిన ప్రతి వాళ్ళ చేతిలోనూ మూల మడిచిన కవరే. మైకులో "ఫలానావారి చదివింపులు వెయ్యిన్నూటపదహార్లు" అని వింటూ పెరిగిన ప్రాణం నాది. నిజం చెప్పాలంటే ఈ ఒక్క ఆచారాన్ని మూటగట్టి తెచ్చుకోవాలనిపించింది.

రాత్రి పదకొండుకు అసలు తంతు. వాళ్ళ కాలమానంలో రాత్రి పదకొండుకే మర్నాడు మొదలవుతుంది. అంటే గుర్రం రోజు వచ్చేసినట్టే. అమ్మాయి పంపరపనస ఆకులు వేసిన నీళ్ళతో స్నానం చేసి, కొత్త ఎర్ర నైట్ డ్రెస్, ఎర్ర చెప్పులు వేసుకుని వచ్చింది. కిటికీ దగ్గర కుర్చీ, ముందు అద్దం, కొలబద్ద, కత్తెర, దువ్వెన, డ్రాగన్ ఒకదాని మీద, ఫీనిక్స్ ఒకదాని మీద చెక్కిన రెండు ఎర్ర కొవ్వొత్తులు. దువ్వేది ఎవరు పడితే వాళ్ళు కాదు. భర్త ఉండి, పిల్లాపాపలతో, తల్లిదండ్రులు కూడా బతికున్న ఆడమనిషి కావాలి. "మంచి రాత ఉన్నావిడ" అంటారు వాళ్ళు. నాకు అనువాదం అక్కర్లేకపోయింది. ముత్తైదువ.

నన్ను మర్యాదగా తలుపు ఇవతలికి పంపారు. అక్కడ అప్పటికే ఒక స్టూలు మీద ఒకరు కూర్చుని ఉన్నారు. పెళ్ళికూతురి నాయనమ్మ. నాయనమ్మను వీళ్ళు "మా మా" అంటారు. ఎనభై మూడేళ్ళ ఆడమనిషిని మామా అని పిలవడానికి నాకు నోరు రాక రెండు రోజులుగా నవ్వి ఊరుకుంటున్నాను. ఆవిడ ఎలుకా కాదు, గుర్రంతో గొడవా లేదు. భర్త పోయి పదకొండేళ్ళయింది. ఎవరూ వెళ్ళమనలేదట. తనే వచ్చి కూర్చుంది. నా పెళ్ళిలో మా పెద్దమ్మ కూడా ఎవరూ చెప్పకుండానే పందిట్లో వెనక స్తంభం పక్కకు జరిగి నిలబడింది.

తలుపు పూర్తిగా వేయలేదు. దువ్వెన జుట్టులోంచి జారుతున్న చప్పుడు వినపడేంత నిశ్శబ్దం. లోపల ఆవిడ రాగయుక్తంగా మొదలుపెట్టింది. "యాత్ సో, సో తౌ మెయ్..." మొదటి దువ్వు చివరిదాకా. రెండో దువ్వు జుట్టూ కనుబొమలూ తెల్లబడేదాకా. మూడో దువ్వు ఇంటి నిండా పిల్లలూ మనవలూ తిరిగేదాకా. ఇవతల మా మా పెదవులు కదుపుతోంది, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. చెయ్యి కూడా ఒళ్ళో చీరకొంగు సవరించినట్టు కిందికి జరుగుతోంది, లేని దువ్వెనతో.

తర్వాత జుట్టులో సైప్రస్ ఆకు రెమ్మ, ఎర్ర దారం కట్టారు. అందరికీ అల్లం నీళ్ళలో తేలే బియ్యపుపిండి ఉండలు ఇచ్చారు. తలుపు ఇవతల ఉన్న మాకు కూడా రెండు గిన్నెలు వచ్చాయి.

మూడో రోజు

ఎనిమిదిన్నరకు పెళ్ళికొడుకు వచ్చాడు. లోపల ఆడపిల్లలు తలుపు గడియ పెట్టి కూర్చున్నారు. తలుపు తీయాలంటే 9,999 యువాన్లు కావాలన్నారు. తొమ్మిది అనే మాట, చిరకాలం అనే మాట ఒకేలా పలుకుతాయి. బేరం 999 దగ్గర తెగింది. అది కూడా కవరు కాదు, వీచాట్ గ్రూపులో పడింది. వెంటనే లోపల ఉన్న పది ఫోన్లూ ఒకేసారి మోగాయి. తర్వాత స్నేహితుల చేత నిమ్మకాయ, కాకరకాయ, ఘాటు పచ్చడి వరసగా తినిపించారు, సంసారంలో పులుపు, చేదు, కారం అన్నీ ఉంటాయని. చివరికి పెళ్ళికూతురి బూటు ఒకటి దాచేశారు. మన ఆడపడుచులు గుమ్మంలో అడ్డం నిలబడి పేర్లు చెప్పిస్తారు, మరదళ్ళు జోళ్ళు దాచేస్తారు. ఇక్కడ రెండూ ఒకే పూటలో తేల్చేశారు. బూటు రైస్ కుక్కర్‌లో దొరికింది.

పెళ్ళికూతురి బట్టలు చూసి తీరాలి. ఎర్ర పట్టు మీద బంగారు, వెండి దారంతో డ్రాగన్, ఫీనిక్స్ ఉబ్బెత్తుగా కుట్టిన జాకెట్టు, పొడుగు పావడా. ఎంత ఎరుపు కనపడకుండా కుడితే అంత ఖరీదు. ఒక్క గీత ఎరుపు కూడా కనపడని దాన్ని "జాకెట్ల రాజు" అంటారు. తనది అందులో మధ్యరకం, ఒక రోజు అద్దెకు తెచ్చుకుంది. "కొని ఏం చేసుకోను జె జె, రెండోసారి కట్టుకుంటే మా ఆయన ఊరుకోడు" అంది.

టీ ఇవ్వడమే ఇక్కడ పెళ్ళి. మంత్రాలు లేవు, తాళి లేదు. పెద్దవాళ్ళు కుర్చీలో కూర్చుంటే వధూవరులు దిండు మీద మోకాళ్ళు వేసి, ఎండు ఖర్జూరం లాంటి ఎర్ర రేగుపళ్ళు, తామర గింజలు వేసిన టీ కప్పు రెండు చేతులతో అందిస్తారు. పెద్దవాళ్ళు ఒక్క గుక్క తాగి ఎర్ర కవరో, నగో ఇస్తారు. ఏ వరసకు ఎవరిని ఏమని పిలవాలో పక్కనుంచి అందించేది "దాయ్ కమ్ జె". ఈవిడ డబ్బు తీసుకుని పెళ్ళి నడిపించే పెద్ద దిక్కు. నల్ల ప్యాంటు, ఎర్ర జాకెట్టు, ఆగని నోరు. ప్రతి కప్పుకూ ఒక పద్యం లాంటి దీవెన అల్లేస్తోంది. మన పురోహితుడి పని, పేరంటాళ్ళ పని, ఫంక్షన్ హాల్ మేనేజర్ పని అన్నీ ఆవిడవే.

గడప దాటే వేళ మళ్ళీ నేనూ మా మా వంటింట్లో. కిటికీలోంచి ఎర్ర గొడుగు పైభాగం మాత్రం కనిపించింది. గొడుగు మీద బియ్యం రాలుతున్న చప్పుడు విన్నాను. దుష్టశక్తులు కోడి రూపంలో వస్తే బియ్యం ఏరుకుంటూ అమ్మాయిని వదిలేస్తాయట. మా మా తన రోజుల్లో పెళ్ళికి ముందు రోజుల తరబడి ఏడుపు పాటలు పాడాలని చెప్పింది. ఏడవని పిల్లను ఊరంతా ఆడిపోసుకునేవారట. ఇవాళ ఎవరూ ఏడవలేదు. కంటి మేకప్ ఖరీదు అందరికీ తెలుసు.

అబ్బాయి వాళ్ళది నది అవతల జోంగ్‌షాన్ వైపు. అక్కడ మళ్ళీ టీ, ఈసారి బంగారం. అత్తగారు మెడలో వేసిన పతకం చూసి నేను కళ్ళు నులుముకున్నాను. పంది! బొద్దుగా ఉన్న బంగారు తల్లి పంది, దాని పొట్ట కింద వరసగా పాలు తాగుతున్న పిల్లలు, ప్రతి పిల్లకూ తోక కూడా ఉంది. సంతానం నిండుగా కలగాలని. కాసులపేరులో లక్ష్మీదేవి ఉండే చోట ఇక్కడ పంది ఉంది. పడకగదిలో మంచం మీద రేగుపళ్ళు, వేరుశనగలు, లాంగన్ పళ్ళు, తామర గింజలు చల్లి ఉన్నాయి. నాలుగు పేర్లూ కలిపి చదివితే "త్వరగా మంచి కొడుకు పుట్టుగాక" అని వస్తుంది. మూడు రోజుల ముందే ఎవరో పిల్లాడిని ఆ పరుపు మీద దొర్లించారట.

రాత్రి విందులో తొమ్మిది రకాలు. ఏడు మాత్రం పెట్టరు, అది చావు భోజనం లెక్క. నేను ఆకుపచ్చ ధర్మవరం పట్టుచీర కట్టుకున్నాను. ఎరుపు పెళ్ళికూతురిది, తెలుపు, నలుపు మంచివి కావు. అందుకని వెతికి వెతికి తెచ్చుకున్న రంగు. మా మా నా పక్క కుర్చీలో కూర్చుంది. భోజనం మధ్యలో చాప్‌స్టిక్స్ పక్కన పెట్టి, నా పమిట చెంగు అందుకుని, జరీని వదిలేసి, జరీ లేని చోట బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దారాన్ని రుద్దింది. టీచరమ్మాయితో ఏదో అంది. "మీ దగ్గర మెలి గట్టిగా వేస్తారా అని అడుగుతోంది." మా మా ఇరవై ఏళ్ళు పట్టు తీసే మిల్లులో పనిచేసింది. మరిగే నీళ్ళలో గూళ్ళ కొసలు పట్టుకున్న వేళ్ళవి, కొనలు నున్నగా, గీతల్లేకుండా ఉన్నాయి. ధర్మవరం మగ్గాల మీదికి చైనా పట్టు కూడా వస్తుందని చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. ఇంకోసారి రుద్ది చూసి, వదిలేసింది.

నాలుగో రోజు

అమ్మాయి పుట్టింటికి మూడో రోజున రావాలి. అబ్బాయికి సెలవు లేక ఒక రోజు ముందే తెచ్చాడు. వెంట నిలువెల్లా కాల్చిన పంది, తోలు గాజులా మెరుస్తూ. పూర్వం ఈ పంది వస్తేనే కోడలు పెళ్ళికి ముందు కన్య అని అత్తింటివాళ్ళు ఒప్పుకున్నట్టు. రాకపోతే ఆ ఇంటి పరువు గంగలో కలిసినట్టే. ఈ కథ చెప్పేటప్పుడు టీచరమ్మాయి గొంతు మారింది. ఇప్పుడు అర్థం ఎవరికీ పట్టదు, పంది మాత్రం వస్తోంది. నడుం భాగం పుట్టింటివాళ్ళు ఉంచుకుని తలా తోకా వెనక్కి పంపుతారు. మొదలుపెట్టిన పనికి తుది ఉండాలని.

వాళ్ళు పందిని కోయించే హడావుడిలో ఉండగా మా మా నా చెయ్యి పట్టుకుని పద అంది. టీచరమ్మాయి కారు తీసింది. షాతౌ అనే ఊళ్ళో బింగ్ యూ తాంగ్ అనే రెండంతస్తుల బూడిదరంగు ఇల్లు ఉంది. మంచు, జేడ్ రాయి అని పేరుకు అర్థం. ఇప్పుడది మ్యూజియం. తల తామే దువ్వుకున్న ఆడవాళ్ళ ఇల్లు.

నేనప్పటిదాకా వినని కథ ఇది. 1872లో చెన్ చీయువాన్ అనే ఆయన పక్కనున్న నాన్‌హాయ్‌లో ఆవిరితో పట్టు తీసే మిల్లు పెట్టాడు. తర్వాత ఈ చుట్టుపక్కలంతా మిల్లులే. ఆడపిల్లల చేతిలో సొంత డబ్బు ఆడింది. అత్తింటి చాకిరీ వద్దనుకున్నవాళ్ళు దేవత ముందు నిలబడి, జడ విప్పి, తమ ముడి తామే చుట్టుకునేవాళ్ళు. పెళ్ళికూతురికి ముత్తైదువ చేసే పనే, తమకు తాము చేసుకుంటే జన్మలో పెళ్ళి చేసుకోమని ప్రమాణం. మాట తప్పితే శిక్ష ఘోరంగా ఉండేది. పైగా పెళ్ళి కాని ఆడది పుట్టింట్లో చనిపోకూడదని నియమం. అందుకని చందాలు వేసుకుని ఇలా ఇళ్ళు కట్టుకున్నారు. 1930లలో పట్టు ధర కూలిపోయి మిల్లులు మూతపడితే చాలామంది సింగపూర్‌కు వెళ్ళి ఇళ్ళల్లో పనికి కుదిరారు. తెల్ల జాకెట్టు, నల్ల ప్యాంటు, వెనక ముడి. అక్కడి నుంచి పంపిన డబ్బుతోనే 1950లో ఈ ఇల్లు లేచింది.

"2024లో చైనా మొత్తం మీద 61 లక్షల పెళ్ళిళ్ళే అయ్యాయి, అంతకుముందు ఏడు 76 లక్షలు దాటాయి," అంది టీచరమ్మాయి, కారు తాళాలు తిప్పుకుంటూ. "నన్ను కూడా లెక్కలోంచి తీసేయమని మా అమ్మకు చెప్పాను. ముడి చుట్టుకోవడం ఒక్కటే రాదు."

లోపల పేర్ల పలకలున్న గది చల్లగా ఉంది. మా మా కళ్ళజోడు పెట్టుకుని వెతికి ఒక పేరు దగ్గర ఆగింది. ఆవిడ మేనత్త. సింగపూర్‌లో ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని పెంచింది, తన పిల్లలు కాదు. మా మా పెళ్ళికి రాలేకపోయింది. నూనె డబ్బా, బిస్కెట్లు, గుడ్డ, ఒక దువ్వెన పార్సెల్ పంపింది. కరువు అప్పుడే వెనకపట్టిన రోజులు, నూనె డబ్బా చూసి ఇంట్లో అందరూ ఏడ్చారట. ఆ దువ్వెనతోనే మా మా తల దువ్వారు.

దువ్వెన ఇప్పుడు ఎక్కడుందని అడిగాను.

"విరిగిపోయింది. చౌకరకం." మా మా కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టుకుంది. తర్వాత పలక వైపు చూసి ఏదో గొణిగి, నా మోచెయ్యి పట్టుకుని మెట్లు దిగుతూ టీచరమ్మాయిని తొందర పెట్టింది.

"ఏమంటోంది?"

"త్వరగా పోదాం అంటోంది. చల్లారితే పంది తోలు మెత్తబడిపోతుందట."